పేరు లేని కాగితం

అడగని కాగితం గుమ్మంలోకి రాకూడదన్నది మా తార్నాక గృహస్థుల తాజా సిద్ధాంతం. అపార్ట్‌మెంట్లలో ఉత్తరాల డబ్బాల పైన "కరపత్రాలు వేయరాదు" అని బోర్డులు పెడుతున్నారు. ఈ సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోను.

వారి విసుగు న్యాయమైనదే. కోచింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్ళు, వెంచర్లలో ప్లాట్లు: డబ్బా నిండా ఇవే. ఏరిపారేసే పని ఏ ఇంట్లోనైనా ఇల్లాలి మీదో పనిమనిషి మీదో పడుతుంది. అయితే మన ఆగ్రహం ఎవరి మీద? రోజుకూలీకి ఎండలో మెట్లెక్కి వచ్చిన కుర్రవాడి మీద. అచ్చువేయించినవాడు మన కంటికే కనపడడు.

పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. 1969లోనూ, 2009 తరువాతా అక్కడ విద్యార్థులు ఉద్యమించినప్పుడు కరపత్రాలు ఎవరి అనుమతీ అడిగి రాలేదు. పత్రికలో జాగా కొనలేనివాడికి, సభకు మైకు దొరకనివాడికి మిగిలిన సాధనం అదొక్కటే. అడగలేదు కనుక తగదంటే, ముందుగా నోరు మూతపడేది వాళ్ళకే. ప్లాట్లమ్మేవాడు ఫోనులోకైనా వచ్చి తీరతాడు.

దోషం అడగకపోవడంలో లేదు, పేరు దాచుకోవడంలో ఉంది. 1867 నాటి ముద్రణ చట్టం అచ్చుకాగితం మీద ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు ఉండాలంది. తెల్లదొరలు నిఘా కోసం చేసుకున్న చట్టమే, సందేహం లేదు. 2024 మార్చిలో దాని స్థానంలో అమలుకు వచ్చిన కొత్త చట్టం పత్రికలకే పరిమితం. ఎన్నికల కరపత్రాలకు మాత్రం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, 127ఎ సెక్షను కింద, ముద్రాపకుడి పేరూ ప్రచురణకర్త పేరూ చిరునామాలతో సహా అడుగుతుంది. తప్పితే 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఓటు అడిగేవాడికి ఉన్న ఈ బాధ్యత డబ్బు అడిగేవాడికి ఎందుకుండకూడదు? నిర్బంధకాలంలో పేరు దాచుకోక తప్పని కరపత్రాలుంటాయి, నిజమే. లక్షల రూపాయల ప్లాటును ఒక ఫోన్ నంబరు మీద అమ్మజూపేవాడికి ఏ నిర్బంధం వచ్చిపడింది?

కనుక గృహస్థులారా, బోర్డు పెట్టదలిస్తే ఇలా పెట్టండి: "పేరూ చిరునామా లేని వ్యాపార ప్రకటనలు వేయరాదు." పేరు చెప్పుకొని వచ్చినవాడితో ఏకీభవించవచ్చు, తగవు పడవచ్చు, మోసపోతే నిలదీయనూవచ్చు. పేరే లేనివాణ్ణి ఏ గుమ్మం దగ్గర పట్టుకుంటాం?