అమ్మకు ఉత్తరం రాదు

బ్రిటన్‌లో 50 దాటాక మూడేళ్లకోసారి మామోగ్రామ్‌కి రమ్మని ఇంటికి ఉత్తరం వస్తుంది. నాకూ వచ్చింది. ఊళ్లో ఉన్న అమ్మకి ఎవరు రాస్తారు?

డాక్టర్ రఘురామ్ గారు ఈ దేశంలోనే సర్జన్‌గా పనిచేసేవారు. వాళ్లమ్మగారు ఉషాలక్ష్మి గారు గైనకాలజిస్టు. ఆవిడకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 2007లో ఆయన హైదరాబాదు వెళ్లిపోయి, కిమ్స్‌లో రొమ్ము వ్యాధులకే ప్రత్యేకంగా సెంటరు ప్రారంభించి అమ్మ పేరు పెట్టారు. ఆపరేషన్లతో ఆగలేదు. పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు రొమ్మును చేత్తో పరీక్షించడం నేర్పించారు. చెప్పుకోవడానికి సిగ్గుపడే మాటను పింక్ రిబ్బన్ నడకలతో నలుగురిలోకి తెచ్చారు.

"నొప్పి లేదుగా, ఏం కాదులే" అంటారు మన అమ్మలు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి. ఈ ఆదివారం ఫోన్‌లో "అన్నం తిన్నావా" అన్నాక, ఆ సంగతీ అడగండి.