సభలో నిలిచిన ఆచార్యునికీ సన్మానం కావాలి

మన విశ్వవిద్యాలయాలు ఆచార్యులను సత్కరించడంలో లోభం చూపవు. గ్రంథకర్తకు శాలువా, పరిశోధకునికి పతకం, పదవీ విరమణ చేసినవారికి అభినందన సంచిక ఎప్పుడూ సిద్ధమే. కానీ పాఠ్యప్రణాళికా మండలిలోనో, సెనేట్‌లోనో ఏళ్ల తరబడి కూర్చొని, కార్యక్రమ పత్రాలను శ్రద్ధగా చదివి, అనుచితమైన తీర్మానానికి తన అసమ్మతిని లిఖితపూర్వకంగా నమోదు చేయించిన ఆచార్యునికి జరిగిన సన్మానాన్ని మనలో ఎందరం చూశాం? అది ఆయన విధి అని సరిపెట్టుకుంటాం. పాఠం చెప్పడమూ విధే కదా! దానికి ఉత్తమ అధ్యాపక పురస్కారాలు ఇస్తున్నప్పుడు దీనికి ఎందుకివ్వరాదు?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికేవారికి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ చరిత్ర పరిశీలించదగినది. అక్కడి అధ్యాపకుల సెనేట్‌కు 1920లో రీజెంట్లు, అనగా పాలకమండలి సభ్యులు, గణనీయమైన అధికారాలను గుర్తించారు. తన సంఘాలను తానే నియమించుకునే హక్కు వాటిలో ఒకటి. 1949లో అదే పాలకమండలి, తాము కమ్యూనిస్టులం కామని అధ్యాపకులు ప్రమాణం చేయాలని శాసించింది. నిరాకరించినవారిని సెనేట్ సంఘం విచారించి, వారిలో అత్యధికులను కొనసాగించాలని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సును కాదని 1950 ఆగస్టులో రీజెంట్లు 31 మందిని తొలగించారు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాల్మన్ ప్రభృతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 1952లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వారికి అనుకూలంగా తీర్పిచ్చింది. న్యాయవాదిగా ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ తీర్పు విద్యా స్వేచ్ఛ అనే మహాసూత్రంపై వెలువడలేదు. ప్రమాణాల విషయంలో రాష్ట్ర శాసనమే సమగ్రమైనది కనుక విశ్వవిద్యాలయం వేరొక ప్రమాణాన్ని కోరజాలదన్న పరిమిత కారణంపై వెలువడింది. న్యాయస్థానం ఉద్యోగాన్ని తిరిగి ఇప్పించగలదు. సభ కోల్పోయిన గౌరవాన్ని ఇప్పించలేదు. దానిని సభ్యులే కాపాడుకోవాలి.

తరువాతి కాలంలో బర్క్‌లీలో ఒక భవనం టాల్మన్ పేరును ధరించింది. తొలగింపునకు గురైన భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ సాక్సన్ 1975లో అదే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యారు. నేడు ఆ సెనేట్, విశిష్ట నాయకత్వం వహించిన సభ్యులకు ఆలివర్ జాన్సన్ పేరిట పురస్కారం ఇస్తున్నది. అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం రాల్ఫ్ బ్రౌన్ పేరిట మరొక పురస్కారం నెలకొల్పింది. ఇది అధ్యాపకులకు కాదు, వారితో పాలనను నిజాయితీగా పంచుకున్న పాలకులకు! సభను గౌరవించిన అధికారినీ సత్కరించాలన్న ఆలోచన మనం గ్రహించదగినది.

మనకూ ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి గారు, ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో పదవిని త్యజించారు. ఆ త్యాగాన్ని నేటికీ స్మరిస్తున్నాం. అయితే పదవిని విడిచినవారిని స్మరించే మనం, పదవేదీ లేకుండా సభలో ఒంటరిగా నిలిచినవారిని మరచిపోతున్నాం.

రాష్ట్రేతర ఆంధ్రులకు ఇది పరుల గోడు కాదు. మద్రాసు, మదురై, మైసూరు, బెంగళూరు విశ్వవిద్యాలయాలలో తెలుగు బోధన నిలబడిందంటే అందుకు కవుల కీర్తి ఒక్కటే కారణం కాదు. తెలుగు పాఠ్యాంశం, పరీక్షా విధానం, ఖాళీ పోస్టు భర్తీ వంటివన్నీ సభల బల్లపైకి వచ్చే విషయాలు. రాజ్యాంగం 29వ అధికరణం మన భాషను కాపాడుకునే హక్కును ప్రసాదించింది. ఆ హక్కును తీర్మానంగా మలిచేది మాత్రం ఆనాటి సమావేశానికి హాజరై నోరు విప్పిన ఆచార్యుడే. తెలుగు పక్షాన మాట్లాడేవారు లేని సభలో, ద్వేషం లేకుండానే, కేవలం విస్మృతి వలన తెలుగు జారిపోగలదు.

సన్మానం లొంగుబాటుకు బహుమతిగా మారుతుందన్న శంక కొందరికి కలుగవచ్చు. అది నిరాధారం కాదు. అందుకే కొన్ని నియమాలు అవసరం. ఎంపికను ఉపకులపతి కాక తోటి అధ్యాపకులే చేయాలి. నిర్వహించిన పదవుల పట్టికను కాక, సమావేశాల కార్యవివరణ పుస్తకాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. వీగిపోయిన తీర్మానాన్ని, ఒంటరి అసమ్మతిని కూడా సేవగా లెక్కించాలి. పెద్ద ఆచార్యులతో పాటు, సంఘాల చాకిరీ అంతా మోసే సహాయాచార్యులనూ పరిగణించాలి.

విశ్వవిద్యాలయాలు ముందుకు వచ్చేదాకా మనం వేచి ఉండనవసరం లేదు. మన తెలుగు సంఘాలు ఏటా జరిపే ఉగాది సభలలో, కవికి వేసే శాలువా పక్కన మరొక శాలువా ఉంచగలవు. దానిని ఎవరికి కప్పాలో తెలియాలంటే మన ఊరి విశ్వవిద్యాలయ సభలలో ఎవరెవరు ఉన్నారో, ఏమి మాట్లాడుతున్నారో ముందుగా తెలుసుకోవాలి. ఆ తెలుసుకోవడమే మన తొలి కర్తవ్యం.