సిమెంటు గీకిన చేతులు

ఆకులు ఎర్రబడే కాలం చూసుకుని కొరియా యాత్రల ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. ఈ వారం హైదరాబాద్‌లో పంచిన ఒక రంగుల కరపత్రంలో ఆరు రాత్రులు, ఏడు పగళ్ల ప్యాకేజీ ఉంది. సియోల్‌లో మ్యోంగ్‌డాంగ్ బజారు, నామ్‌సాన్ టవర్, 2002 నాటి 'వింటర్ సొనాటా' సీరియల్ తీసిన నామీ దీవి, ఎవర్‌లాండ్ వినోద పార్కులో ఒక రోజంతా, అద్దె హాన్‌బోక్ దుస్తుల్లో గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజప్రాసాదం ముందు కాసేపు ఫొటోలు. పైన మాత్రం 'ప్రకృతి, సంస్కృతి, వారసత్వం' అని పెద్దక్షరాల్లో అచ్చేశారు. ఆ మూడు మాటలకూ నిజంగా న్యాయం చేసే ఊళ్లు కొరియాలో ఎన్నో ఉన్నాయి. ఆ రాజప్రాసాదాన్ని వదిలేస్తే కరపత్రంలో వాటి పేరు ఒక్కటీ లేదు.

తెలుగువాళ్లకు కొరియా ఇప్పుడు దూరదేశం కాదు. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొరియన్ అక్షరాల బోర్డులు మామూలైపోయాయి. ఇంట్లో పిల్లలు సబ్‌టైటిల్స్ చూడకుండానే ఆ సీరియళ్లు అర్థం చేసుకుంటున్నారు. ఇంత మక్కువతో, లక్షలు ఖర్చుపెట్టి వెళ్లేవాళ్లకు బజారు చూపించి వెనక్కి పంపడం మోసం కాకపోవచ్చు, అన్యాయం మాత్రం అవును.

సియోల్‌లో కేటీఎక్స్ రైలెక్కితే మూడు గంటల లోపే దక్షిణ తీరంలోని సున్‌చోన్ చేరుకోవచ్చు. ఊరి చివర సముద్రం వెనక్కి తగ్గితే కనుచూపు మేర బురద బయటపడుతుంది. ఒడ్డు పొడుగునా మనిషిని మించి ఎదిగిన కిక్కిస. కొల్లేటి లంకల వాళ్లు చూస్తే సొంతూరు వచ్చామనుకుంటారు. చలికాలం వచ్చేసరికి మెడ దాకా తెల్లగా, ఒళ్లంతా ముదురు బూడిద రంగులో ఉండే హుడెడ్ క్రేన్ కొంగలు అక్కడ దిగుతాయి. అవి కరెంటు తీగలకు తగిలి గాయపడుతున్నాయని 2009లో ఆ నగరపాలక సంస్థ పొలాల్లోంచి 282 కరెంటు స్తంభాలు పీకించేసింది. కొంగల మేతకని కొంత ధాన్యం పొలంలోనే వదిలేస్తారు. 1990ల చివర వందకు లోపు వచ్చిన కొంగలు ఇప్పుడు వేలల్లో వస్తున్నాయి. 2013లో అంతర్జాతీయ ఉద్యానవన ప్రదర్శన పెట్టినప్పుడు ఆ తోటను కావాలనే ఊరికీ అఖాతానికీ నడుమ వేశారు. ఇళ్లూ హోటళ్లూ అక్కడితో ఆగాలి, బురద జోలికి పోకూడదు అన్నదే ఉద్దేశం.

పక్కనే బోసోంగ్ తీరంలో ఆడవాళ్లు బురదలో గుల్లలు ఏరుతారు. పొడుగాటి సన్నని చెక్కపలక మీద ఒక మోకాలు ఆన్చి, రెండో కాలితో బురదను వెనక్కి తన్నుతూ జారిపోతారు. నడిస్తే తొడల దాకా దిగబడే చోట ఆ పలక ఒక్కటే వాళ్లకు దారి.

ఆ బురద నేలలకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది 2021 జూలైలో. అదే నెలలో, అదే యునెస్కో సమావేశంలో రామప్ప గుడికీ వచ్చింది. ఇక్కడి పత్రికలు రామప్ప గురించి పేజీలు పేజీలు రాశాయి, రాయాల్సిందే. మర్నాడు జాబితాకెక్కిన కొరియా బురద గురించి ఒక ముక్క రాసిన దాఖలా అరుదు.

జేజు దీవి గురించి సీరియళ్లు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అగ్నిపర్వతం పుట్టించిన గుహలు, ఆక్సిజన్ సిలిండరు లేకుండా మునిగి సముద్రపు నత్తలు ఏరే హెన్యో ఆడవాళ్లు అందరూ విన్నవే. ఆ హెన్యోలు ఇప్పుడు మూడు వేల లోపే మిగిలారు, వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. వినని సంగతి ఇంకొకటి: అక్కడి హల్లాసాన్ శిఖరానికి వెళ్లే రెండు దారుల్లోనూ కలిపి రోజుకు పదిహేను వందల మందినే పంపాలని 2021లో నిబంధన పెట్టారు. ముందుగా పేరు నమోదు చేసుకోకపోతే శిఖరం దాకా వెళ్లనివ్వరు.

అసలు చెప్పదలచుకున్నది ఇక్సాన్ గురించి.

ఇక్సాన్ సియోల్ నుంచి గంటన్నర లోపు ప్రయాణం. బెక్జే రాజ్యపు కాలంలో అక్కడ మిరుక్సా అనే మహా విహారం ఉండేది. మిగిలింది ఖాళీ మైదానం, పునాది రాళ్లు, పడమటి వైపు ఒక రాతి స్తూపం. కొరియాలో మిగిలిన రాతి స్తూపాల్లో అన్నిటికన్నా పాతదిగా, పెద్దదిగా దాన్ని లెక్కిస్తారు. తొమ్మిది అంతస్తులుగా కట్టిందని పరిశోధకుల అంచనా. ఆరే మిగిలాయి, అవీ ఒక వైపే. 1915లో జపాన్ పాలకులు ఆ కూలిన వైపంతా సిమెంటు కాంక్రీటు పోసి పూడ్చేశారు. ఒకటీ రెండూ కాదు, 185 టన్నులు.

ఆ బరువుకు, ఆ తేమకు రాయి ఎంత నలిగిందో తేల్చుకుని 2001లో స్తూపాన్ని విప్పడం మొదలుపెట్టారు. సుత్తి వేటు వేస్తే సిమెంటుతో పాటు పదమూడు వందల ఏళ్ల నాటి రాయీ ఊడుతుంది. అందుకని పనివాళ్లు పళ్ల డాక్టర్లు వాడే డ్రిల్లు పట్టుకుని కూర్చున్నారు. రాయి మీద గీత పడకుండా, అతుక్కున్న సిమెంటును పొడి పొడిగా గీకి తీశారు. ఆ 185 టన్నులూ అలాగే వదిలించారు. స్తూపం మీద పెద్ద షెడ్డు వేశారు, లోపలి పనిని జనం వెళ్లి చూసేవారు.

ఆ ఓపికకు ప్రతిఫలం 2009 జనవరిలో దక్కింది. మొదటి అంతస్తు నడిమి స్తంభపు రాయి ఎత్తితే కింద ధాతువుల కరండం, దానితో పాటు ఒక బంగారు రేకు బయటపడ్డాయి. రేకు మీది రాత 639వ సంవత్సరం నాటిది. ఆ విహారాన్ని కట్టించమని అడిగింది శత్రురాజ్యం సిల్లా నుంచి వచ్చిన రాకుమారి సోన్‌హ్వా అని కొరియాలో చిన్నపిల్లలు కూడా చెప్పే ప్రేమకథ ఒకటుంది. రేకు మీద మాత్రం ఆ విహారం కట్టించిన రాణి బెక్జే ప్రభువుల ఇంటి ఆడపడుచు అని, సాతెక్ వంశానికి చెందిన అధికారి కూతురని ఉంది. వందల ఏళ్ల కథ ఒక్క రేకుతో తలకిందులైంది. క్రేన్లు పెట్టి ఆదరాబాదరాగా విప్పి ఉంటే ఆ రేకు ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు.

2019లో స్తూపాన్ని మళ్లీ జనానికి చూపించారు. ఆరంతస్తులే, ఒక వైపు విరిగిన రూపమే. పై మూడు అంతస్తులూ ఎలా ఉండేవో ఆధారం లేదు కనుక కట్టలేదు. సరిగ్గా ఎదురుగా తూర్పు స్తూపం ఉంది. దాన్ని 1993లో యంత్రాలతో కోసిన తెల్లటి గ్రానైటుతో తొమ్మిదంతస్తులూ కట్టేశారు. గీత గీసినట్టు ఉంటుంది, చూసి ఎవరూ ఆగరు. కొరియా వాళ్లే దాన్ని చెడ్డ పునరుద్ధరణకు ఉదాహరణగా చూపిస్తారు. ఆ రెండు స్తూపాల మధ్య నిలబడితే వారసత్వం గురించి ఏ పుస్తకమూ చదవనక్కర్లేదు.

సొక్కురామ్ గుహాలయం కథ ఇంకా బాధాకరం. గ్యోంగ్జు దగ్గర తోహామ్ కొండ మీద 751లో మొదలుపెట్టి కట్టిన గుహ అది. గ్రానైటు పలకలను ఒకదానికొకటి పేర్చి కట్టిన గోపురం, లోపల మూడున్నర మీటర్ల ఎత్తు బుద్ధుడు, ఎదురుగా తూర్పు సముద్రం. లోపల తేమ నిలవకుండా నేల కింద నుంచి చల్లటి ఊటనీరు పారేలా ఏర్పాటు చేశారని నిపుణులు చెబుతారు. 1913లో జపాన్ ఇంజనీర్లు దాన్ని విప్పి మళ్లీ కట్టి, పైన మందపాటి కాంక్రీటు తొడిగారు. గుహకు ఊపిరి ఆగిపోయింది. నీరు కారింది, నాచు పట్టింది. 1960లలో కొరియా ప్రభుత్వం బాగుచేయబోయి ఆ కాంక్రీటు మీద ఇంకో కాంక్రీటు గోపురం వేసింది. చివరికి గాలి యంత్రాలు బిగించి, ముందు అద్దం అడ్డుపెట్టారు. ఇవాళ వెళ్లినవాళ్లు ఆ బుద్ధుణ్ని అద్దంలోంచే చూడాలి. వెయ్యేళ్లకు పైగా యంత్రం లేకుండా నిలబడ్డ గుహ, సిమెంటు తగిలిన యాభై అరవై ఏళ్లకే రోగిలా మారింది.

హెయిన్సా విహారానికి ఆ గతి పట్టలేదు, అదృష్టం. మంగోలుల దండయాత్రల కాలంలో, 13వ శతాబ్దంలో చెక్కిన త్రిపిటకం చెక్కఫలకాలు అక్కడ ఎనభై ఒక్క వేలకు పైగా ఉన్నాయి. వాటిని దాచింది 15వ శతాబ్దపు చెక్క భవనాల్లో. ముందు గోడకు కింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనక గోడకు అది తిరగేసి ఉంటుంది. గాలి ఒకవైపు నుంచి దూరి, ఫలకాలన్నిటినీ తడిమి, రెండోవైపు పోతుంది. నేలలో బొగ్గు, ఉప్పు, సున్నం వేసి తొక్కారు. 1970లలో కొత్త కాంక్రీటు భవనం కట్టి కొన్ని ఫలకాలు అందులో పెట్టి చూస్తే బూజు పట్టింది, తిరిగి పాత చోటికే తెచ్చారు. కొరియా యుద్ధంలో, 1951లో, గెరిల్లాలు దాక్కున్నారని ఆ విహారం మీద బాంబులు వేయమంటే వైమానిక దళాధికారి కిమ్ యోంగ్-హ్వాన్ వేయనన్నాడు. ఆ పేరు తెలియకుండా కొరియా చూసొచ్చామనడం ఏం బాగుంటుంది?

కొరియా వాళ్లు తప్పులు చేయరని కాదు. సియోల్ దక్షిణ ద్వారం సుంగ్నేమున్ 2008లో ఒక వ్యక్తి నిప్పుపెట్టగా తగలబడింది. సంప్రదాయ పద్ధతిలో కట్టామని 2013లో తెరిస్తే నెలల్లోనే రంగులు పెచ్చులూడాయి. సహజ రంగుల బదులు రసాయనాలు కలిపారని బయటపడి వ్యవహారం కోర్టు దాకా పోయింది. అంతకన్నా పెద్ద పాపం సేమాన్‌గుమ్. పడమటి తీరంలో సున్‌చోన్ లాంటి బురద నేలనే 33.9 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి చంపేశారు. 2003లో ఒక బౌద్ధ భిక్షువు, ఒక క్యాథలిక్ ఫాదర్, మరో ఇద్దరు మతగురువులు మూడడుగులు నడిచి ఒక సాష్టాంగం పెడుతూ అక్కడి నుంచి సియోల్ దాకా 65 రోజులు వెళ్లారు. గోడ ఆగలేదు. 2006లో సముద్రాన్ని మూసేశారు, ఉల్లంకి పిట్టలు దిగే చోటు పోయింది. 2023 ఆగస్టులో ఆ పూడ్చిన నేల మీదే ప్రపంచ స్కౌట్ల జాంబోరీ పెడితే ఎండకూ దోమలకూ పిల్లలు అల్లాడిపోయారు, తుపాను భయంతో అందరినీ తరలించాల్సి వచ్చింది.

ఇక్కడికి వచ్చాక తెలుగు గుళ్ల మాట ఎత్తకుండా ఉండటం కుదరదు. ఊళ్లో పాత గుడికి చందాలు పోగయ్యాయంటే మొదట దిగేది సిమెంటు లారీ. ద్వారపాలకుల మీద ఎనామిల్ పెయింటు, రాతి నేల మీద నున్నటి టైల్సు, శాసనం ఉన్న బండ మీద సున్నం, అడుగున చందాదారుల పేర్లతో నల్లరాతి పలక. కాకతీయుల కాలం రాయిని ఇసుక యంత్రంతో కొట్టి తెల్లగా చేశామని సంబరపడే కమిటీలున్నాయి. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. అంతకు ముందు పగుళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ చోటే కొత్త గోపురం లేచింది, బాగుంది, కానీ అది రాయల గోపురం కాదు.

చేతకాదా అంటే అదీ కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, రాయి రాయికీ గుర్తు పెట్టి, పునాది సరిచేసి 2024 మార్చి 8న తెరిచారు. దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది, ఇక్సాన్ స్తూపానికి పట్టినంత. అన్నేళ్లూ జనం విసుక్కున్నారు. విసుగుకు కారణం ఆలస్యం కాదు, లోపల ఏం జరుగుతోందో చెప్పే దిక్కు లేకపోవడం. ఇక్సాన్‌లో వేసినట్టు ఒక షెడ్డు వేసి జనాన్ని రానిచ్చి ఉంటే హనుమకొండ బడిపిల్లలు రాతిపని చూస్తూ పెద్దయ్యేవాళ్లు. రామప్పకు హోదా వచ్చి ఇన్నేళ్లయినా ఒక కాకతీయ స్థపతి పునాదిలో ఇసుక ఎందుకు పోశాడో పక్క ఊరి పిల్లవాడికి చూపించే ఏర్పాటు సరిగా లేదు.

ఇంకో మాట. సిల్లా నుంచి హ్యేచో అనే యువ భిక్షువు 8వ శతాబ్దంలో భారతదేశం అంతా తిరిగాడు. దక్షిణాదిన కొండల్లో నాగార్జునుడి కోసం యక్షులు కట్టిన మూడంతస్తుల మహా విహారం ఉందని, ఒకప్పుడు మూడు వేల మంది భిక్షువులు ఉండేవారని, తాను వచ్చేనాటికి అది పాడుపడి ఉందని రాసుకున్నాడు. అది ఎక్కడన్న దాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఆ రాతప్రతి దున్‌హువాంగ్ గుహల్లో దొరికి ఇప్పుడు పారిస్‌లో ఉంది. నాగార్జునకొండ, అమరావతి ఉన్న నేల నుంచి వెళ్లేవాళ్లకు హెయిన్సా, సొక్కురామ్ పరాయివి కావని చెప్పడానికి యాత్రా సంస్థల్లో ఒక్క గైడు లేకపోవడం విచారకరం.

కొరియా వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇక్సాన్, సున్‌చోన్ చేర్చమని అడగండి, పదిమంది అడిగితే వాళ్లే చేరుస్తారు. వెళ్లకపోయినా సరే, ఊరి గుడి జీర్ణోద్ధరణకని రసీదు పుస్తకం పట్టుకుని ఎవరైనా గుమ్మం ఎక్కినప్పుడు రాయి మీద సిమెంటు వేస్తారా, రంగు పూస్తారా అని అడగండి. ఆ రెండూ చేయబోమని కాగితం మీద రాసిచ్చాకే చందా ఇవ్వండి.