లెక్కలు ముందే అయిపోతే తప్పా?

మొన్న మావాడి స్కూల్లో మీటింగుకెళ్తే టీచర్ గారిది ఒకటే కంప్లైంటు. "లెక్కలు అందరికంటే ముందే చేసేసి పక్కవాళ్ళని కదిలిస్తాడండీ." మరప్పుడు వాడికేం ఇస్తారండీ అనడిగా. "అలాంటివే ఇంకో ఇరవై" అన్నారు. ఇంటికొచ్చి నేనూ వాడినే తిట్టాను. తర్వాత సిగ్గేసింది.

ఆఫీసులో పని ముందే ముగించినవాణ్ణి అదే కోడ్ మళ్ళీ రాయమంటే నెల తిరక్కుండా రాజీనామా చేసిపోతాడు. మూడో క్లాసు పిల్లాడు ఎక్కడికి పోతాడు?

మన దృష్టిలో తెలివంటే ర్యాంకు. అందుకే ఆరో క్లాసులోనే ఐఐటీ ఫౌండేషన్లో పడేస్తాం. అక్కడ నేర్పేది వేగం, ఆలోచన కాదు. రామానుజన్ అంతటివాడే లెక్కల్లో మునిగి, మిగతా సబ్జెక్టులు తప్పి, కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1963లో మొదలైన నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్ష కూడా 2021లో ఆగిపోయింది. అదైనా చివర్లో పదో తరగతి వాళ్ళకే. మూడో క్లాసులో గుర్తించాల్సింది టీచరూ మనమే.

నిన్న మళ్ళీ వెళ్ళి అడిగాను: "ఇరవై వద్దండీ, ఒక్కటివ్వండి, కానీ కష్టమైనది. లేదా వాణ్ణే ఒక లెక్క తయారుచెయ్యమనండి." యాభై మందిని చూసుకునే ఆవిడ సరేనన్నారు. పైసా ఖర్చు లేదు.

సరే, నేనెళ్ళి అడిగా. అడిగేవాళ్ళు లేని పిల్లల సంగతేంటి? మీరేమంటారు?