బరువు తగ్గే ఆపరేషన్ తరువాత ముద్ద ఎంత?



ఈమధ్య మన ఓ.పి.కి కొత్త రకం రోగులు వస్తున్నారు. బెంగళూరులోనో హైదరాబాదులోనో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొస్తారు. కుట్లు చూపించుకోవడానికో, రక్త పరీక్షకో, నీరసమనో మన దగ్గరకు వస్తారు. మన ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ చేయరు. అయినా ఆ తరువాత జీవితమంతా వారు ఉండేది మన మధ్యనే, తినేది మన ఇళ్ళ వంటే. వారి చేతిలో డైట్ చార్టు ఒకటి ఉంటుంది. అందులో ఓట్స్, బ్రోకలీ, సూపు, అర కప్పు అని రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని రోగి చదువుకుంటారు. వండి వడ్డించే అత్తగారు చదవరు, చదివినా ఆ కప్పు ఏ కప్పో ఆమెకు తెలియదు. ఎంత తినాలో రోగికి చెప్పి పంపితే సగం పనే అయిందని నా అభిప్రాయం. వడ్డించేవారికి చెప్పాలి. మన గిన్నెల లెక్కలో, మన సంగటి లెక్కలో చెప్పాలి.

"కరువు సీమలో ఊబకాయం మాటలేంటి సిస్టరమ్మా" అని మన సంఘ పెద్ద ఒకరు నవ్వారు. నవ్వే మాటే, కానీ వార్డులో కనిపించేది వేరు. ఒకే వీధిలో ఒక ఇంట్లో రక్తం లేని బాలింత ఉంటుంది, పక్కింట్లో షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆడకపోవడంతో బాధపడే 120 కిలోల మనిషి ఉంటారు. రాగులు, కొర్రలు, జొన్నలు తిన్న మన ఊళ్ళకు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అన్నం పెరిగింది, తరువాతి కాలంలో ఒంటి పని తగ్గింది, కంచం మాత్రం మడక దున్నేనాటి కంచంగానే ఉండిపోయింది. ఇంకొక మాట. ఊబకాయం ఉన్నవారిని తిండిపోతు అనవద్దు. వంశపారంపర్యం, హార్మోన్లు, కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. ఆ మాట పడీ పడీ చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కినవారిని మళ్ళీ అదే మాట అనడం న్యాయం కాదు.

ఇది కొవ్వు పీల్చి తీసే ఆపరేషన్ కాదు, చాలామంది అలా అనుకుంటున్నారు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణకోశంలో 75 నుండి 80 శాతం కోసి తీసేస్తారు. మామూలుగా లీటరు, లీటరున్నర పట్టే సంచి 100 నుండి 150 మి.లీ. పట్టే సన్నని గొట్టంలా మిగులుతుంది. అంటే హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసు, అంతకంటే కొంచెం ఎక్కువ. బైపాస్ ఆపరేషన్‌కు దారి వేసినది అమెరికాలో అయోవాకు చెందిన డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్, 1966లో. ఇప్పుడు చేసే బైపాస్‌లో పైన మిగిల్చే సంచి సుమారు 30 మి.లీ. మాత్రమే. అంటే రెండు పెద్ద చెంచాలు.

మొదటి రెండు వారాలు ద్రవాలే. గ్లాసు ఎత్తి తాగడం కాదు, గుటక గుటకగా. తరువాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆ తరువాత మెత్తగా ఉడికినవి. సుమారు రెండు నెలలకు ఇంటి వంట. అప్పటికీ పూటకు పావు గిన్నె నుండి అర గిన్నె. నేను గిన్నె అంటున్నది పప్పు వేసుకునే చిన్న స్టీలు గిన్నె, 150 మి.లీ. పట్టేది. ఏడాది గడిచేసరికి పూటకు ఒక గిన్నె, కొందరికి ఇంకొంచెం పడుతుంది. ఒక్కొక్క సర్జను పద్ధతి ఒక్కొక్క రకంగా ఉంటుంది కాబట్టి వారాల లెక్కకు వారిచ్చిన చీటీయే ప్రమాణం.

ఇక మన ముద్ద సంగతి. సంగటిని మనం నమలం. చిన్నప్పుడే మన అమ్మలు నేర్పించారు, పప్పులోనో పులుసులోనో ముంచి మింగాలని. నమిలితే నవ్వుతారు కూడా. ఆపరేషన్ అయినవారికి చెప్పే మొదటి సూత్రమేమో ప్రతి ముద్దా 20, 25 సార్లు నమలాలని. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. మింగిన సంగటి ముద్ద ఆ సన్నని గొట్టంలో జిగటగా పట్టుకుంటుంది. రొమ్ము మధ్య బరువు, నోట నీళ్ళూరడం, తరువాత వాంతి. మెత్తని బ్రెడ్డు, ముద్దయిన అన్నం కూడా అంతే చేస్తాయి. అందుకని మొదటి నెలల్లో సంగటి వద్దు. రాగులు మంచివే. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది చాలా తక్కువ. డాక్టరు ఒప్పుకున్నాక చక్కెర లేని పలుచని జావగా మొదలుపెట్టవచ్చు. సంగటి తిరిగి తినే రోజు వచ్చినప్పుడు నిమ్మకాయంత చాలు. పప్పులో బాగా మెదిపి, చిన్న చెంచాతో, నమిలి. కొబ్బరికాయంత ముద్ద తిన్న మనిషికి నిమ్మకాయంత పెట్టడానికి చేయి రాదని నాకు తెలుసు.

అయితే చిన్న ముద్ద అన్నంత మాత్రాన సరిపోదు. ఆ చిన్న ముద్దలో ఏముందన్నది ఇంకా ముఖ్యం. ఇది మన ప్రాంతం ఒకసారి చాలా కష్టం మీద తెలుసుకున్న సంగతి. 1876-78 నాటి ధాత కరువులో, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్న రోజుల్లో (వేరు జిల్లా అయినది 1882లో), కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దానికి ఎదురు తిరిగాడు. ఆ ధాన్యం చాలదని, ఒట్టి ధాన్యంతో కండ నిలవదని, పప్పు ఉండాలని వాదించాడు. ఆకలితో చచ్చేవారి గురించి అన్న మాట ఇది. తిండి తగ్గించుకున్నవారికి కూడా అదే వర్తిస్తుంది. కడుపులో పట్టేది గుప్పెడు అయినప్పుడు ఆ గుప్పెడూ అన్నంతో నింపితే బరువు తగ్గుతుంది, దానితోపాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది, మెట్లెక్కలేకపోతారు.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. లెక్క వేసి చూద్దాం. రెండు గుడ్లకు 12 గ్రాములు. 300 మి.లీ. పాలకు 10. రెండు పూటలా అర గిన్నె గట్టి పప్పుకు 10. ఎముక తీసిన చేప గాని కోడి గాని 60 గ్రాములు తింటే 14 దాకా. కొంచెం పెరుగుకు 3. మొత్తం 49. పాలలో రెండు చెంచాలు వెన్న తీసిన పాలపొడి కలిపితే ఇంకో 5, ఉగ్గానిలో చల్లుకునే మన పప్పుల పొడి రెండు చెంచాలు కూరలో కలిపితే 4. అప్పటికి 60కి దగ్గరపడ్డాం. మొదటి మూడు నెలలు ఇంత కూడా పట్టదు కాబట్టే డాక్టర్లు ప్రోటీన్ పొడి రాస్తారు. ఖరీదైనదే. కానీ లక్షలు పెట్టి ఆపరేషన్ చేయించి, పొడి దగ్గర పొదుపు చూసే కుటుంబాలను చూస్తే నాకు కోపం వస్తుంది. శాకాహారులైతే ఇంకా జాగ్రత్త పడాలి.

కాబట్టి వడ్డించే వరస మార్చండి. ముందు గుడ్డు, పప్పు, చేప. తరువాత కూరాకు. చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. మన కంచంలో అన్నం మధ్యలో కూర్చుని మిగతావన్నీ చుట్టూ చేరతాయి. ఈ మనిషి కంచంలో అన్నమే ఆఖరున రావాలి. కంచం కూడా టీ సాసరంతది చాలు. భోజనం 20, 30 నిమిషాలు పట్టనివ్వండి. ఎక్కిళ్ళు వచ్చినా, ముక్కు కారినా, రొమ్ములో బరువనిపించినా అక్కడితో ఆపాలి. సాసరులో మిగిలింది పారేయడం పాపమని ఆ చివరి రెండు ముద్దలు తినిపించవద్దు. మూతపెట్టి ఉంచండి, గంట తరువాత తింటారు.

కొలతను మోసం చేసే తిండి కూడా ఉంది. బొరుగులు చూడండి. తేలిక, నోట్లో వేస్తే కరిగిపోతాయి, సంచిలో నిలవవు. గిన్నె చిన్నదే, కానీ సాయంత్రమంతా కూర్చుంటే నాలుగు గిన్నెలు వెళ్ళిపోతాయి. బిస్కెట్లు, మిక్చరు, చక్కెర వేసిన టీ, కూల్‌డ్రింకు, ఐస్‌క్రీము అన్నీ ఈ కోవలోవే. "సిస్టరమ్మా, గిన్నెడు కూడా తినడం లేదు, అయినా బరువు తగ్గలేదు" అనేవారిని అడిగితే తొంభై పాళ్ళు ఇదే బయటపడుతుంది. బైపాస్ అయినవారు ఓళిగ, పాయసం లాంటి తీపి తింటే గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు కూడా రావచ్చు. దాన్ని డంపింగ్ అంటారు.

నీళ్ళ విషయం. అన్నం తింటూ నీళ్ళు తాగకూడదు. అరగంట ముందు ఆపాలి, తిన్న అరగంట తరువాత మొదలుపెట్టాలి. ఆఖరున మజ్జిగతో ముగించే మన అలవాటు వీరికి పనికిరాదు, మజ్జిగను వేరే వేళ తాగాలి. అయితే రోజుకు లీటరున్నర తగ్గకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఇంకా ఎక్కువే కావాలి. ఒక్కసారి చెంబెత్తి తాగలేరు గనుక సీసా చేతిలోనే ఉండాలి, చేలోకి వెళ్ళినా, మందిరానికి వచ్చినా.

మందిరం అన్నాను గనుక చెబుతాను. క్రిస్మస్ ప్రేమవిందులో, పెళ్ళిళ్ళలో, గృహ ప్రార్థన కూడికల్లో మనం ఒకరికొకరు పెట్టుకునేది ప్రేమతోనే. "నా మీద ఒట్టు, ఇంకో గరిటె" అంటాం. "చిక్కి సగమయ్యావు, ఏం జబ్బు తల్లీ" అని అందరి ముందు అడుగుతాం. ఆ మాటకు సిగ్గుపడి తిని, పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్న ఆడబిడ్డలు నాకు తెలుసు. అరణ్యంలో మన్నా కూర్చుకున్నవారు ఎవరికి తగినంత వారే తీసుకున్నారని మనం పిల్లలకు సండే స్కూల్లో నేర్పిస్తాం. విందు పంక్తిలో మాత్రం మరిచిపోతాం. స్త్రీల మైత్రి అక్కలు వడ్డనలో ఉంటారు కాబట్టి వారికే నా మనవి: ఒకసారి వద్దంటే రెండోసారి అడగకండి. లెంటు ఉపవాసాల విషయంలో కూడా, ఆపరేషన్ అయిన మొదటి ఏడాది రోజంతా నీళ్ళు కూడా ముట్టకుండా ఉండాలని ఎవరూ పట్టుబట్టవద్దు. పాస్టరు గారితో, డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

విటమిన్ మాత్రలు, ఐరను, కాల్షియం, బి12 జీవితాంతం. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తరువాత ఏటేటా రక్తపరీక్ష. పిల్లలు కావాలనుకునే తల్లులు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. నొప్పి మాత్రలు అంగట్లో కొని వేసుకోవద్దు, ముఖ్యంగా బైపాస్ అయినవారు.

చివరిది, నేను చాలా గట్టిగా చెప్పదలచినది. ఒకటి రెండు వాంతులు ఎక్కువ తిన్నందుకు కావచ్చు. రోజుల తరబడి వాంతులైతే అది దిష్టి కాదు, అరగకపోవడమూ కాదు. ఒంట్లో బి1 విటమిను అడుగంటుతుంది. నడక తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, మనిషి తికమకపడతారు. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు బాటిలు ఎక్కిస్తే మెదడుకు ఇంకా హాని జరగవచ్చు. మన పల్లెల్లో నీరసమనగానే ముందు కట్టేది గ్లూకోజు బాటిలే. అందుకని ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఎక్కడ జరిగిందో ఒక చీటీ రాసి రోగి పర్సులో ఒకటి, ఇంట్లో గోడ క్యాలెండరు వెనక ఒకటి పెట్టండి. సూది గుచ్చకముందే ఆ చీటీ డాక్టరు చేతిలో పెట్టండి. రాత్రి వేళైనా సరే, మన క్యాజువాలిటీకి తీసుకురండి.