విక్రాంతును వెదకిన ఘాజీ

క్షిపణుల యుగము వచ్చినది గనుక విమానవాహక నౌకలకు కాలము చెల్లినదని కొందఱు విద్యావంతులు వాదించుచున్నారు. అంత పెద్ద యోడను ఉపగ్రహములు చూడలేవా, చూచిన పిదప ఒక్క క్షిపణితో ముంచివేయరాదా యని వారి ప్రశ్న. రేవులో కట్టివేసిన యోడను గూర్చి యైనచో ఇది సమంజసమే. సముద్రమున తిరుగు నోడ సంగతి వేఱు.

ఈ విషయమున విశాఖపట్టణ వాసులకు పరదేశ గ్రంథములతో పని లేదు. 1971 నవంబరు 14వ తేదీన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ కరాచీ విడిచి, సింహళమును చుట్టి, మన విక్రాంతును వెదకుచు బంగాళాఖాతమున ప్రవేశించెను. అప్పటికి విక్రాంతు బాయిలరు బీటలు వాఱి, ఓడ పూర్తి వేగముతో పోజాలకుండెను. అట్టి యోడను కాపాడినది వేగము గాదు, ఫిరంగులును గావు. అది యెచ్చట నున్నదో శత్రువునకు తెలియకపోవుటయే. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు దానిని అండమానులకు పంపివేసి, పాత యోడయగు రాజ్‌పుత్‌ను విశాఖ వెలుపలికి తోలి, విక్రాంతే మాటాడుచున్నట్లు వైర్‌లెస్సు వార్తలు విస్తారముగా పంపించిరి. విక్రాంతు కొఱకని కూరగాయలు, మాంసము పెద్దయెత్తున తెప్పించిరట. గూఢచారుల చెవులు బజారులోనే యుండునని వారెఱుగుదురు! ఘాజీ విశాఖ రేవు ముందు పొంచియుండి డిసెంబరు 3-4 నడిరేయి ప్రేలి మునిగెను. రాజ్‌పుత్ విడిచిన బాంబులే కారణమని మనవారు, కాదని పాకిస్తానువారు చెప్పుదురు. ఆ వివాద మెట్లున్నను, అది వెదకిన యోడ అచ్చట లేదు. డిసెంబరు 4న విక్రాంతు విమానములు కాక్స్ బజారు, చిట్టగాంగులపై దాడి సలిపెను.

1942 జూన్ 4న మిడ్వే యుద్ధమున సైతము గెలుపోటములను వెదకులాటయే తేల్చినది. జపానువారి గస్తీ విమాన మొకటి అరగంట ఆలస్యముగా లేచెను. అమెరికా బాంబరులకు అనుకొన్న చోట శత్రువు కానరాలేదు. త్వరత్వరగా పోవుచున్న యొంటరి డిస్ట్రాయరు పోకను బట్టి సాగి, నిమిషములలో మూడు జపాను వాహకములను తగులబెట్టిరి.

ఉపగ్రహములు వచ్చిన పిదప వెదకుట సులభమైనది, నిజమే. కాని యుపగ్రహము దాటిపోవును, ఓడ నిలువదు. గంటకు 55 కిలోమీటర్లు పోవు నోడ, చూచిన అరగంటకు 2,400 చదరపు కిలోమీటర్ల నీటిలో నెచ్చటనైన నుండవచ్చును. కనబడినది వాహకమా, చమురు నోడయా యని తేల్చుకొని, విడువక వెంటాడి, ఆ వార్తను క్షిపణి విడుచువానికి క్షణములలో నందింపవలయును. ఈ గొలుసులో నొక్క లంకె తెగినను క్షిపణి నీటి పాలగును. ఇట్లని వాహకము అజేయమని మేమనుట లేదు. విమానములను లేపుచు, రాడార్లు వెలిగించుచు, తీరమునకు చేరువగా పనిచేయు నోడ తన యునికిని తానే చాటుకొనును.

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త విక్రాంతు నౌకాదళమున చేరినది. దానికి సుమారు 20,000 కోట్ల రూపాయలు వ్యయమైనవి. మూడవ వాహకము కోరువారు, వలదనువారు ఓడ వెలను గూర్చియే తర్కించుచున్నారు. గస్తీ విమానములకు, ఉపగ్రహములకు, జలాంతర్గాములను పసిగట్టు సాధనములకు ఎంత కేటాయింతురో ప్రభుత్వము ముందుగా పార్లమెంటునకు చెప్పవలయునని మా కోరిక. కన్నులు లేక ఓడలను కొనుట వ్యర్థవ్యయము.

1971 విజయస్మారకము విశాఖ సముద్రతీరముననే యున్నది. దాని నీడలో నిలిచి, యుద్ధనౌకల రాకపోకలను చేతిఫోనులతో చిత్రించి లోకమునకెల్ల పంచు మన యువకులకు ఆ కూరగాయల బజారు కథ నెవరైన చెప్పుదురా?