ఈశాపూర్ తుపాకీని కొయ్యాలా, వద్దా?

ఆడి పద్దెనిమిదికి హొగేనక్కల్‌లో మొదలైన వాదన ఇంకా మన గ్రూపులో నడుస్తూనే ఉంది. కొందరు వాయిస్ మెసేజీల్లో గొంతు కూడా పెంచారు. రోజూ పొద్దున కలిసి నడిచే మేము నలుగురం దీని గురించి వారం రోజులు మాట్లాడుకున్నాం. మా నలుగురి మాటగా ఇది రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఆ రోజు రానివాళ్ల కోసం విషయం చెప్తాం. మన సభ్యుడొకరి మనవడు టెక్సాస్‌లో ఉన్నాడు. అక్కడ ఒక పాత మిలిటరీ తుపాకీ కొన్నాడు. ఏటి ఒడ్డున మనకు చేపలు వేగుతుండగా వీడియో కాల్‌లో చూపించాడు. "తాతా, ఇది మన ఇండియాలో చేసిందే" అన్నాడు. ఇనుము మీద ఆర్.ఎఫ్.ఐ. అని, 2ఎ1 అని, 1967 అని అచ్చు ఉంది. ముందున్న కొయ్య కోసేసి, గొట్టం కురచ చేయించి, పైన రంధ్రాలు వేయించి స్కోప్ బిగిస్తాడట. అడవి పందుల వేటకు. అక్కడ భూమి యజమాని ఒప్పుకుంటే పందుల్ని కాల్చడం చట్టబద్ధమే. కాబట్టి వేట తప్పా ఒప్పా అనేది కాదు మా ప్రశ్న. ఆ తుపాకీని కొయ్యొచ్చా అన్నదే.

వాడి సొత్తు, వాడిష్టం అని మనలో సగం మంది అన్నారు. నిజమే, వాడి సొత్తే. అయినా కొయ్యొద్దని మేమంటాం.

అది ఏ తుపాకీయో ముందు తెలుసుకోవాలి. కొందరు గ్రూపులో దాన్ని .303 అని రాశారు. కాదు. ఆకారం అదే, మొండి మూతి అదే. కానీ 1962 చైనా యుద్ధం తర్వాత, సైన్యానికి సరిపడా కొత్త తుపాకులు లేని రోజుల్లో, బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 7.62 తూటాకు సరిపోయేలా కొత్తగా చేసిన రకం అది. పాత .303ను మార్చింది కాదు, ఇంకా గట్టి ఉక్కుతో మొదటి నుంచీ చేసింది. మ్యాగజైన్ చదరంగా ఉంటుంది, పన్నెండు తూటాలు పడతాయి. తర్వాత ఎస్.ఎల్.ఆర్. తుపాకులు చేతికొచ్చాక ఇవి వెనక్కి పోయాయి. చివరికి సర్‌ప్లస్ కింద అమెరికాకు చేరాయి. ఇక కొత్తగా చెయ్యరు. ఒకటి కోస్తే లెక్కలో ఒకటి తగ్గినట్టే. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కి 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో వీడ్కోలు చెప్పారంటే, ఈ జాతి తుపాకుల కాలం ఎంత దగ్గర్లో ముగిసిందో చూడండి.

రైల్వేలో మేము అట్ట టికెట్ల మీద తేదీ కొట్టిన మెషిన్లు గుర్తున్నాయి. కంప్యూటర్ వచ్చాక కిలోల లెక్కన తుక్కుకు పోయాయి. ఆ రోజు మాలో ఒక్కరం కూడా నోరు తెరవలేదు. ఇప్పుడు మనవలకు చూపిద్దామంటే ఫొటో తప్ప ఏముంది?

అయితే, కోసినవాళ్లందరూ తప్పు చేశారని అనం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకులు అమెరికా, కెనడాలో చవగ్గా దొరికాయి. కొత్త వేట తుపాకీ కొనలేని రైతు దీన్ని కొని, కొయ్య చెక్కి, జింకను కొట్టి ఇంటికి తెచ్చాడు. అతనికి అది పనిముట్టు. రాశులుగా ఉన్న కాలంలో ఒకటి కోస్తే ఏమీ పోలేదు. మన మనవడికి ఆ అవసరం లేదు. స్కోప్‌తో సహా మంచి వేట తుపాకీ అక్కడ అంగట్లోనే దొరుకుతుంది. మంచి పనివాడితో కోయించి, రంధ్రాలు వేయించే ఖర్చు లెక్కేస్తే మిగిలేది కూడా పెద్దగా ఉండదు. కోసిన మరుక్షణం సేకరించేవాళ్ల దగ్గర దాని ధర పడిపోతుంది.

దీంతోనే వేటాడాలని మనసుంటే దారి ఉంది. తిరిగి పెట్టగలిగే మార్పు చెయ్యి, పెట్టలేనిది చెయ్యకు. రంధ్రం వెయ్యకుండా బిగించే స్కోప్ మౌంట్లు ఉన్నాయి. ఒరిజినల్ కొయ్య విప్పి దాచుకుని, వేరే కొయ్య వేసుకోవచ్చు. గొట్టం మాత్రం ముట్టుకోకూడదు. కాల్చేముందు తెలిసిన గన్‌స్మిత్‌కు చూపించి, బోల్టు సరిగ్గా పడుతోందో లేదో కొలిపించాలి. పాతదానికి అది తప్పనిసరి.

మన వైపు సంగతీ చెప్పాలి. కెన్నెత్ ఆండర్సన్ బెంగళూరు నుంచి వచ్చి మన పెన్నాగరం, అంచెట్టి అడవుల్లో తిరిగాడు. ఆయన చేతిలో ఉన్నది .405 వించెస్టర్, వేటకు తగినది. .303 సైన్యం వాడే తూటా కాబట్టి మామూలు జనానికి ఇవ్వలేదు. అందుకే ఈశాపూర్ వాళ్లే అదే లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో .315 అని వేరే తుపాకీ చేసి అమ్మారు. యుద్ధానిది యుద్ధానికి, వేటది వేటకు.

ఆ వీడియో చూసి మన ఊళ్ల కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు "మన దగ్గరా నాటు తుపాకీలున్నాయిగా, బాగు చేయిద్దాం" అని గ్రూపులో రాశారు. మాకు నిద్ర పట్టనిది ఆ మాటకే. టెక్సాస్ వేరు, ఇక్కడ వేరు నాయనా. 1972 చట్టం నుంచి మనకు వేట లేదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లోని అడవిలో చాలా భాగాన్ని 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం చేశారు. లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడం, రిపేరు చెయ్యడం, గొట్టం కురచ చెయ్యడం ఆయుధ చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. వేరుశెనగ చేను పందులు తొక్కితే కడుపు మండుతుంది, మాకు తెలుసు. కానీ 2025లో ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కూడా, అడవికి మూడు కిలోమీటర్ల అవతలికి వచ్చిన పందిని శిక్షణ ఉన్న సిబ్బంది కాల్చడానికే. మన కుర్రాళ్లకు కాదు. ఆ మెసేజీలు రాసినవాళ్లు దయచేసి తీసెయ్యండి. ఇంట్లో పాతది ఏదైనా ఉంటే దాన్ని ఎలా అప్పగించాలో వకీలును అడగండి. ఒంటరిగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లడానికి భయమైతే మేము తోడు వస్తాం.

టెక్సాస్ మనవడికి ఒక మాట. బోల్టు మీది నంబరు, బాడీ మీది నంబరు దగ్గర్నుంచి ఫొటో తీసి పంపు నాయనా. రెండూ ఒకటే అయి, కొయ్య ఎక్కడా కొయ్యనిదైతే అట్లాగే ఉంచు. నీకంటే ముందే ఎవరో కోసేసి ఉంటే మాత్రం మాకు అభ్యంతరం లేదు, నీకు నచ్చినట్టు చేసుకో. ఫొటో వచ్చేదాకా ఆ పనివాడికి అడ్వాన్సు ఇవ్వకు.